చిరిగిన లేబుళ్లలో ఒక జీవితం: కొలాజ్ కళాకారుడు కుర్ట్ ష్విటర్స్ కథ

1948 జనవరి 7. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలోని కెండల్ పట్టణ ఆసుపత్రిలో మంచం పట్టిన ఒక జర్మన్ శరణార్థికి బ్రిటిష్ పౌరసత్వం మంజూరైందన్న కబురు అందింది. మరుసటి రోజే ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 60 ఏళ్లు. స్వదేశం విడిచి పదకొండేళ్లు గడిచాయి.

సమీపంలోని ఆంబుల్‌సైడ్ వాసులకు ఆయన ఒక చిత్రకారుడిగానే తెలుసు. అడిగినవారికి ముఖచిత్రాలు గీసి ఇచ్చేవారు. కొండలను, సరస్సులను చిత్రించి పర్యాటకులకు అమ్మేవారు. అయితే ఆయన గదిలో మరో తరహా చిత్రాలు కూడా ఉండేవి. మిఠాయిల కాగితాలు, సిగరెట్ పెట్టెల అట్టలు, డబ్బాల మీది లేబుళ్లు, వాడేసిన టికెట్లు అంటించి తయారుచేసిన చిన్న చిన్న చిత్రాలవి. నేడు ప్రపంచంలోని ప్రముఖ మ్యూజియంలు భద్రపరుస్తున్నది ప్రధానంగా వాటినే.

ఆయన పేరు కుర్ట్ ష్విటర్స్. పారవేసిన లేబుళ్లను, కాగితపు ముక్కలను ఇరవయ్యో శతాబ్దపు కళలో ఒక స్వతంత్ర భాషగా మలచినవారిలో ఆయన అగ్రగణ్యులు.

హానోవర్ తోట

ష్విటర్స్ 1887 జూన్ 20న జర్మనీలోని హానోవర్‌లో జన్మించారు. తల్లిదండ్రులు స్త్రీల దుస్తుల దుకాణం నడిపేవారు. 1898లో దానిని అమ్మి, వచ్చిన సొమ్ముతో ఇళ్లు కొన్నారు. ఆ ఇళ్ల అద్దెలే కుటుంబానికి ఆధారమయ్యాయి.

బాల్యంలో ఆయన ఒక చిన్న తోటను పెంచుకున్నారు. గులాబీలు, స్ట్రాబెర్రీలు నాటి, ఒక కృత్రిమ గుట్టను, ఒక చిన్న కొలనును కూడా ఏర్పరచుకున్నారు. ఒకనాడు ఊరి పిల్లలు ఆయన కళ్లెదుటే ఆ తోటను ధ్వంసం చేశారు. ఆ దిగ్భ్రాంతిలోనే తనకు తొలిసారి మూర్ఛ వచ్చిందని అనంతర కాలంలో ఆయన రాసుకున్నారు. అది 1901 నాటి మాట. మూర్ఛ వ్యాధి ఆయనను జీవితాంతం వెంటాడింది. చేతులారా నిర్మించుకున్నది కళ్లెదుట నాశనం కావడం కూడా ఆయన జీవితంలో అంతటితో ఆగలేదు.

1909లో డ్రెస్డెన్ కళా అకాడమీలో చేరి ఆరేళ్లు సంప్రదాయ చిత్రకళను అభ్యసించారు. 1915లో తన బంధువైన హెల్మా ఫిషర్‌ను వివాహమాడారు. వారి తొలి బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే మరణించాడు. రెండో కుమారుడు ఎర్న్‌స్ట్ 1918లో జన్మించాడు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ష్విటర్స్‌ను సైన్యంలోకి తీసుకున్నా, అనారోగ్యం వల్ల కొద్ది నెలలకే విడిచిపెట్టారు. ఆ తరువాత హానోవర్ సమీపంలోని ఒక ఇనుప కర్మాగారంలో యంత్రాల నమూనాలు గీసే ఉద్యోగం చేశారు. చక్రాలు, ఇరుసులు, వాటి పొందిక ఆయన కంటికి అలవాటైనది అక్కడే.

‘మెర్జ్’ పుట్టుక

1918 నవంబరులో యుద్ధం ముగిసింది. జర్మనీ ఓడిపోయింది. రాచరికం కూలిపోయింది, తిండికి కటకట ఏర్పడింది. వీధులలో మాత్రం కాగితానికి కొదవ లేదు. వాడేసిన రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు, చిరిగిన ప్రకటనలు, ఖాళీ పొట్లాలు ఎక్కడపడితే అక్కడ కనిపించేవి. పాతదంతా ముక్కలైపోయింది కనుక కొత్తదానిని ఆ ముక్కలతోనే నిర్మించాలన్న నిశ్చయానికి ష్విటర్స్ వచ్చారు.

కాగితాలు అంటించి చిత్రం చేసే పద్ధతిని కనిపెట్టింది ఆయన కాదు. 1912లోనే పారిస్‌లో పికాసో, బ్రాక్ తమ చిత్రాలలో వార్తాపత్రికల ముక్కలను అంటించారు. పికాసో ‘సూజ్’ అనే మద్యం సీసా లేబుల్‌ను ఒక చిత్రంలో నేరుగా వాడారు. కానీ ఆ చిత్రంలో లేబుల్ ఇంకా సీసాకు చెందినదే. బల్లమీద సీసా ఉందని చూసేవారికి చెప్పడమే దాని పని. ష్విటర్స్ ఆ ముడిని విప్పేశారు. ఆయన చిత్రాలలో లేబుల్ ఏ వస్తువుకూ ప్రతినిధి కాదు. అది ఒక రంగు, ఒక గీత, కొన్ని అక్షరాలు. చిత్రకారుడి పళ్లెంలోని రంగుకు ఎంత విలువ ఉందో దానికీ అంతే విలువ.

1919లో చేసిన ఒక చిత్రంలో ఆయన ఒక బ్యాంకు ప్రకటన ముక్కను అంటించారు. ఆ బ్యాంకు పేరులోని ‘కొమెర్జ్’ అనే మాట, అంటే వాణిజ్యం, సగం తెగిపోయి ‘మెర్జ్’ అనే అక్షరాలు మాత్రమే మిగిలాయి. అర్థం లేని ఆ శకలాన్నే ఆయన తన కళకు పేరుగా పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఆయన చిత్రాలు, కవితలు, పత్రిక, చివరికి ఇల్లు సైతం మెర్జ్ పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి.

అదే ఏడాది ‘అన్నా బ్లూమె’ అనే వింత ప్రేమ కవితతో ఆయన పేరు జర్మనీ అంతటా మారుమోగింది. బెర్లిన్‌లో అప్పుడు డాడా ఉద్యమం ఉద్ధృతంగా సాగుతోంది. రాజకీయ విప్లవాన్ని కోరిన అక్కడి డాడావాదులలో కొందరికి, హానోవర్ మధ్యతరగతి ఇంటిలో కుదురుగా కాపురం చేసుకునే ష్విటర్స్ నచ్చలేదు. వారు ఆయనను తమలో కలుపుకోలేదు. ఆయన ఒంటరిగానే తన దారిన సాగారు.

పిండి జిగురుతో చిత్రరచన

ష్విటర్స్ పని చేసే తీరును చూసినవారు దానిని వర్ణించారు. పిండిని నీళ్లలో కలిపిన జిగురును కాగితం మీద ధారాళంగా పూసేవారు. ఆ తడి మీద ముక్కలను అటూ ఇటూ జరుపుతూ, ఒకదాని అంచు మరొకదానికి కుదిరే వరకు చూసేవారు. అవసరమైన చోట వేళ్లతో చిన్న ముక్కలు చింపి అతికించేవారు. పొందిక కుదిరాక, మిగిలిన జిగురును తడిగుడ్డతో తుడిచేసేవారు.

ఈ చిత్రాలలో చాలావరకు అరచేతిలో ఇమిడేంత చిన్నవి. ఒక్కొక్కదానికి సంఖ్యను, సంవత్సరాన్ని అడుగున పెన్సిల్‌తో శ్రద్ధగా రాసేవారు. చెత్తబుట్టకు చేరవలసిన కాగితానికి ఆయన ఇచ్చిన మర్యాద అది.

ఆ ముక్కలు ఎక్కడ దొరికాయన్నది చిత్రాలను చూస్తేనే తెలుస్తుంది. 1923 ఆరంభంలో ఆయన డచ్ కళాకారుడు థియో వాన్ డూస్‌బర్గ్‌తో కలిసి నెదర్లాండ్స్ అంతటా పర్యటించి డాడా సభలు నిర్వహించారు. ఆ ఏడాది చేసిన ‘మిస్ బ్లాంష్’ అనే కొలాజ్‌కు ఆ పేరు ఒక సిగరెట్ల లేబుల్ నుంచే వచ్చింది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్న 1921 నాటి ‘చెర్రీ చిత్రం’లో చెర్రీ పండ్ల బొమ్మ ఉన్న అచ్చు కార్డు, పిల్లికూనల బొమ్మ, గుడ్డపేలికలు, చెక్కముక్కలు, బెండు ఒకదానిపై ఒకటి పేరుకుని కనిపిస్తాయి.

అచ్చువేయించిన చేతులే చింపాయి

వాణిజ్య కాగితాన్ని చింపి కళగా మార్చిన ఈ వ్యక్తి జీవనోపాధి కూడా వాణిజ్య కాగితమే కావడం విశేషం. 1924లో ఆయన హానోవర్‌లో ‘మెర్జ్’ పేరుతోనే ఒక ప్రకటనల సంస్థను స్థాపించారు. సిరాలు తయారుచేసే ‘పెలికాన్’ కంపెనీ ఆయన ఖాతాదారులలో ఒకటి. 1929 నుంచి హానోవర్ నగర పాలక సంస్థ పత్రాలకు, ప్రకటనలకు అక్షర రూపకల్పన చేశారు.

ఒక లేబుల్ మీద అక్షరం ఎంత మందంగా ఉండాలో, ఎరుపు పక్కన నలుపు ఎంత చోటు తీసుకోవాలో ఆయనకు వృత్తిరీత్యా తెలుసు. అందుకే ఆయన కొలాజ్‌లు చూడడానికి చిత్తుకాగితాల కుప్పలా ఉన్నా, వాటి కూర్పులో ఒక్క అంగుళం కూడా అటూ ఇటూ జరపలేని బిగువు కనిపిస్తుంది.

కాగితంతో పాటు ధ్వని కూడా ఆయనకు ముడిసరకే. మాటలను అక్షరాలుగా విడగొట్టి, అర్థంతో నిమిత్తం లేని ధ్వనులతో ‘ఉర్‌సొనాటె’ అనే సుదీర్ఘ శబ్దకావ్యాన్ని ఏళ్ల తరబడి తీర్చిదిద్దారు. 1932లో ఆయన స్వయంగా చదివిన కొంత భాగాన్ని జర్మన్ రేడియో రికార్డు చేసింది. ఆ గొంతును నేటికీ వినవచ్చు.

ఇంట్లో పెరిగిన కట్టడం, ఊరిలో పెరిగిన ద్వేషం

1923 ప్రాంతంలో ష్విటర్స్ తన హానోవర్ ఇంటిలోని పని గదిలో ఒక విచిత్ర నిర్మాణాన్ని ఆరంభించారు. దొరికిన వస్తువులతో మొదలైన స్తంభాలు క్రమంగా చెక్కతో, ప్లాస్టర్‌తో గోడలను, పైకప్పును అల్లుకుంటూ ఇతర గదులకూ పాకాయి. లోపల చిన్న చిన్న గుహలు ఉండేవి. మిత్రులకు సంబంధించిన వస్తువులను వాటిలో దాచేవారు. కొత్త పొర వచ్చినప్పుడల్లా పాతది దాని కింద మరుగున పడేది. ‘మెర్జ్‌బావ్’ అని పిలిచిన ఈ కట్టడాన్నే ఆయన తన జీవితపు ప్రధాన కృతిగా భావించారు.

1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు. మరుసటి ఏడాది నగర పాలక సంస్థ పని ఆయన చేజారింది. మ్యూజియంలలోని ఆయన చిత్రాలను గోడల మీదినుంచి దించేశారు. 1937 జులైలో మ్యూనిక్‌లో నాజీ ప్రభుత్వం ‘పతనమైన కళ’ పేరుతో ఏర్పాటు చేసిన ప్రదర్శనలో, జనం హేళన చేయడానికే ఆయన కృతులను ఉంచారు. ‘మెర్జ్’ అన్న పేరుకు జన్మనిచ్చిన 1919 నాటి చిత్రం కూడా వాటిలో ఒకటి. ఆ తరువాత అది మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

అప్పటికే ష్విటర్స్ దేశం దాటారు. కుమారుడు ఎర్న్‌స్ట్ 1936 డిసెంబరులో నార్వే వెళ్లిపోగా, కొద్ది రోజులకే, 1937 జనవరి 2న తండ్రి కూడా బయలుదేరారు. ఇళ్ల అద్దెలు, వృద్ధుల బాధ్యత చూసుకోవడానికి హెల్మా హానోవర్‌లోనే ఉండిపోయారు. వీలైనప్పుడల్లా ఆమె నార్వే వచ్చి కొంత కాలం గడిపేవారు. 1939 జూన్‌లో ఓస్లోలో ష్విటర్స్ తల్లి ఎనభయ్యో పుట్టినరోజు వేడుక జరిగింది. భార్యాభర్తలు కలుసుకోవడం అదే ఆఖరిసారి.

మారిన దేశం, మారిన లేబుళ్లు

ఓస్లో సమీపంలోని లిసాకెర్‌లో ఆయన రెండో మెర్జ్‌బావ్‌ను మొదలుపెట్టారు. వేసవులలో మోల్డె పట్టణం ఎదుట ఉన్న యార్టోయా దీవిలోని ఒక చిన్న రాతి గుడిసెలో ఉండేవారు. దాని గోడలనూ కాగితాలతో, చెక్కముక్కలతో నింపారు. నార్వే కొండలను చిత్రించి పర్యాటకులకు అమ్ముతూ పొట్ట పోసుకున్నారు.

ఈ దశలోని కొలాజ్‌లలో నార్వే భాష ప్రవేశించింది. లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉన్న ఒక పెద్ద చిత్రాన్ని ఆయన 1920లో జర్మనీలో చేశారు. 1939లో నార్వేలో దానినే తిరిగి చేతికి తీసుకుని అక్కడి టికెట్లు, రశీదులు, పత్రికల ముక్కలు, రెండు పింగాణీ కుక్కపిల్లలు జోడించారు. పాత దేశపు కాగితాల మీద కొత్త దేశపు కాగితాలు పరచుకున్నాయి. అదే మ్యూజియంలోని మరో కొలాజ్ 1937-38 నాటిది. దాని పేరు ‘కస్టమ్స్ వారు తెరిచినది’. సరిహద్దు దాటి వచ్చే ప్రతి పార్సిల్‌నూ అధికారులు విప్పి చూసే రోజులవి. ఆ పరిస్థితే చిత్రానికి పేరైంది.

1940 ఏప్రిల్‌లో జర్మన్ సేనలు నార్వేపై దాడి చేశాయి. తండ్రీకొడుకులు ఉత్తర దిశగా పారిపోయి, ‘ఫ్రిట్యోఫ్ నాన్సెన్’ అనే నౌకలో జూన్‌లో స్కాట్లండ్ చేరుకున్నారు. బ్రిటన్ దృష్టిలో వారు శరణార్థులే కాదు, శత్రుదేశ పౌరులు కూడా. వారిని నిర్బంధించి కొన్ని శిబిరాలు తిప్పిన తరువాత, జులైలో ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని హచిన్‌సన్ శిబిరానికి తరలించారు.

ముళ్లకంచె వెనుక ఇళ్లలో ఎందరో కళాకారులు, పండితులు ఉన్నారు. రంగులు, కాన్వాసులు కరవు. ష్విటర్స్ నేలమీది లినోలియం పలకలను ఊడదీసి వాటి మీద చిత్రించారు. సిగరెట్ పెట్టెలను, మిఠాయి కాగితాలను, తపాలా బిళ్లలను సేకరించారు. తినగా మిగిలిన ఓట్స్ జావతో శిల్పాలు చేశారు. అవి బూజుపట్టి గదంతా కంపు కొట్టేవని తోటి నిర్బంధితులు గుర్తుచేసుకున్నారు. వారి ముఖచిత్రాలనూ ఆయన పెద్ద సంఖ్యలో గీశారు. చిన్ననాటి మూర్ఛ ఇక్కడ మళ్లీ తలెత్తింది. 1941 నవంబరులో విడుదలయ్యారు.

లండన్‌లో అందిన వార్తలు

లండన్‌లో మొదట ప్యాడింగ్టన్ ప్రాంతంలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. అక్కడే ఈడిత్ థామస్ అనే యువతి పరిచయమయ్యారు. టీ కావాలా అని ఆమె తరచూ అడిగేవారు కనుక ఆయన ఆమెను ‘వాంటీ’ అని ముద్దుగా పిలిచేవారు. చివరి వరకు ఆయనకు తోడుగా నిలిచింది ఆమే.

యుద్ధకాలపు లండన్‌లో మిఠాయిలకూ రేషన్ ఉండేది. 1943 నాటి ఒక కొలాజ్‌లో ‘క్వాలిటీ స్ట్రీట్’ మిఠాయిల కాగితం కనిపిస్తుంది. జర్మన్ ట్రామ్ టికెట్ల చోటును ఇప్పుడు లండన్ బస్సు టికెట్లు, ఇంగ్లిష్ లేబుళ్లు ఆక్రమించాయి.

1943 అక్టోబరులో మిత్రరాజ్యాల విమానాలు హానోవర్‌పై జరిపిన బాంబుదాడిలో మెర్జ్‌బావ్ ఇంటితో సహా నేలమట్టమైంది. పద్నాలుగేళ్లు పెరిగిన కట్టడం ఒక్క రాత్రిలో బూడిదైంది. ఆయనను తరిమివేసింది ఒక పక్షం, ఆయన నిర్మాణాన్ని కూల్చింది ఆయనకు ఆశ్రయమిచ్చిన పక్షం. 1944 ఏప్రిల్‌లో ఆయనకు పక్షవాతం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 29న హెల్మా క్యాన్సర్‌తో హానోవర్‌లో మరణించారు. యుద్ధం మధ్యలో అడ్డుగా ఉంది. భార్యను కడసారి చూసే అవకాశం ఆయనకు దక్కలేదు.

ఆ డిసెంబరులో లండన్‌లోని ఒక చిన్న గ్యాలరీలో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. ప్రముఖ విమర్శకుడు హెర్బర్ట్ రీడ్ దానికి పరిచయ వ్యాసం రాశారు. చిత్రాలు మాత్రం పెద్దగా అమ్ముడుపోలేదు.

పశువుల కొండల నడుమ చివరి గోడ

1945 జూన్‌లో ష్విటర్స్, ఈడిత్ లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలోని ఆంబుల్‌సైడ్‌కు మారారు. అక్కడి జీవనం పేదరికంలోనే సాగింది. అయినా లేబుళ్ల సేకరణ ఆగలేదు. అమెరికా వలస వెళ్లిన పాత మిత్రులు పంపిన ఉత్తరాలు, పొట్లాలు కూడా ఆయనకు ముడిసరకే అయ్యాయి. మిత్రురాలు కేటె ష్టైనిట్జ్ పేరున 1947లో చేసిన కొలాజ్‌లో అమెరికన్ కామిక్ బొమ్మలను అంటించారు. వ్యాపార చిత్రాలనే కళావస్తువుగా స్వీకరించిన పాప్ ఆర్ట్‌కు అది ముందస్తు సూచన అని కళాచరిత్రకారులు భావిస్తారు.

అదే ఏటి మరో కొలాజ్ పేరు ‘ఎన్ మార్న్’. ‘గోల్డెన్ మార్న్’, అంటే బంగారు ఉదయం అనే వాణిజ్య నామంలో ముందు భాగం పోగా మిగిలిన అక్షరాలవి. జర్మన్ బ్యాంకు పేరు నుంచి ‘మెర్జ్’ తెగిపడిన ఇరవై ఎనిమిదేళ్లకు, పరాయి భాషలోని మరో వ్యాపార పదం అదే రీతిన ఆయన చేతిలో తునిగింది. దేశం, భాష, ఇల్లు, భార్య అన్నీ పోయిన తరువాత కూడా ఆయన పద్ధతి మారలేదు.

1947 జూన్ 20న, సరిగ్గా తన అరవయ్యో పుట్టినరోజున, న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ నుంచి 1,000 డాలర్ల సహాయం మంజూరైందన్న సమాచారం వచ్చింది. ధ్వంసమైన కట్టడాన్ని పునరుద్ధరించే ఆశ లేకపోవడంతో, ఎల్టర్‌వాటర్ గ్రామ సమీపంలోని ఒక రాతి కొట్టంలో మూడో నిర్మాణానికి పూనుకున్నారు. ఒకప్పుడు తుపాకి మందు తయారైన స్థలమది. చలిలో, జబ్బు శరీరంతో రోజూ అక్కడికి వెళ్లి పనిచేశారు. ఒక గోడ మీద రాళ్లు, కొమ్మలు, రేకు ముక్కలు పొదిగి, ప్లాస్టర్ పూసి, రంగు వేశారు. ఆ ఒక్క గోడ పూర్తికాక ముందే శీతకాలం వచ్చింది. జనవరిలో ప్రాణం పోయింది.

మిగిలినవి

ఆయనను ఆంబుల్‌సైడ్ చర్చి ఆవరణలో ఖననం చేశారు. 1966 వరకు ఆ సమాధిపై పేరు చెక్కిన రాయి కూడా లేదు. 1970లో అవశేషాలను హానోవర్‌కు తరలించారు. తరిమిన నగరమే ఆ విధంగా ఆయనను తిరిగి తెచ్చుకుంది.

నార్వేలోని రెండో మెర్జ్‌బావ్ 1951లో అగ్నికి ఆహుతైంది. ఎల్టర్‌వాటర్ కొట్టంలోని గోడను 1965లో ఊడదీసి న్యూకాసిల్‌లోని హాటన్ గ్యాలరీకి చేర్చారు. ఆ తరలింపు వెనుక బ్రిటిష్ పాప్ ఆర్ట్ ప్రముఖుడు రిచర్డ్ హామిల్టన్ కృషి ఉంది. హానోవర్‌లోని ష్ప్రెంగెల్ మ్యూజియంలో, పాత ఫొటోల ఆధారంగా తొలి మెర్జ్‌బావ్‌లోని ఒక గదిని 1980లలో పునర్నిర్మించారు. 2013లో టేట్ బ్రిటన్ ఆయన బ్రిటన్ జీవితకాలపు కృతులతో ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది. బతికి ఉండగా ఆ దేశంలో ఆయనకు దొరకని గౌరవమది.

నిలకడ కోసం ప్లాస్టర్‌తో, రాతితో ఆయన కట్టిన వాటిలో రెండు పూర్తిగా నశించాయి. మూడోదానిలో ఒక గోడే మిగిలింది. కానీ ఒక్కరోజు వాడుక కోసం అచ్చై, చెత్తలోకి పోవలసిన లేబుళ్లు మాత్రం దేశాలు దాటి, బాంబులు దాటి నిలిచాయి. సిగరెట్ పెట్టె మీది బొమ్మ, మిఠాయి కాగితం, టికెట్ ముక్క ఇప్పుడు గాజు పలకల వెనుక భద్రంగా ఉన్నాయి. వాటిని వరుసగా చూస్తూ పోతే మొదట జర్మన్, తరువాత డచ్, నార్వేజియన్, చివరకు ఇంగ్లిష్ అక్షరాలు ఎదురవుతాయి. ఒక శరణార్థి నడిచిన దారి అంతా ఆ అక్షరాలలోనే నమోదై ఉంది.